రెండు ఓగర్లా, ఒకటి చాలా? ఫైట్ సరిచూసుకోవడానికి ఏ లెక్క పట్టుకోవాలి

సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలవుతుంది, ఏడింటికల్లా ముగించాలి, ఎందుకంటే మా పిన్ని కొడుకు గుంటూరు రైలు పట్టుకోవాలి. ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయి పాచికలతో కథ నడిపేది. ఆటగాళ్లు నలుగురు, కథ చెబుతూ మాన్‌స్టర్లను ఆడించే డీఎం (డంజియన్ మాస్టర్) నేను. నాలుగు గంటల్లో మాటలు, దారి వెతుక్కోవడం, మధ్యలో టీ, బజ్జీలు పోగా మహా అయితే రెండు ఫైట్లు పడతాయి. పుస్తకాల్లో ఎన్‌కౌంటర్ అని ఉంటుంది గానీ మనకు ఆ మాట వినగానే పేపర్లో వార్తే గుర్తొస్తుంది, అందుకే మా బల్ల దగ్గర అందరం ఫైట్ అనే అంటాం, ఇక్కడా అదే రాస్తున్నాను.

ఉన్నవే రెండు ఫైట్లు అయినప్పుడు ఒకటి తేలిపోయినా, ఒకటి మరీ బరువైనా ఆ ఆదివారం పోయినట్టే. ఎలాంటి మాన్‌స్టర్లు, ఎన్ని పెట్టాలి అన్నదానికి నాలుగైదు లెక్కలు వాడుకలో ఉన్నాయి. కొత్తగా డీఎం అయినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే, వీటిలో ఏది నమ్మాలి అని. నా జవాబు ముందే చెప్పేస్తాను: మీ బల్లకు సరిపోయే లెక్క ఒకటి పట్టుకోండి, కానీ అది ఏం చూడదో తెలుసుకుని, ఆ చూడనిదాన్ని రెండు నిమిషాలు మీ చేత్తో మీరే లెక్కేసుకోండి. ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, మా మొట్టమొదటి ఆటలో జరిగింది నాకింకా గుర్తుంది.

అప్పుడు పిన్ని కొడుకు ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాడు. తన విజార్డ్ పాత్రకు రెండు వారాలు కూర్చుని కథ రాసుకున్నాడు, నోట్‌బుక్ వెనక పేజీలో టోపీ బొమ్మ కూడా గీసుకున్నాడు. ఒకటో లెవెల్, 7 హెచ్‌పీ (ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే అంకె). నేను డీఎంల కోసం 2014లో వచ్చిన గైడ్ తెరిచి బగ్‌బేర్ అనే మాన్‌స్టర్‌ను ఒకదాన్ని ఎంచుకున్నాను. సీఆర్ (మాన్‌స్టర్ ఎంత గట్టిదో చెప్పే అంకె) 1, ఎక్స్‌పీ (దాన్ని ఓడిస్తే వచ్చే పాయింట్లు) 200. నలుగురు ఒకటో లెవెల్ వాళ్లకు మీడియం గీత సరిగ్గా 200. మీడియమే కదా అని పొదల వెనక పెట్టేశాను. బగ్‌బేర్ మామూలు దెబ్బ 2డీ8+2, అంటే ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేసి 2 కలపాలి, ఎవరూ చూడకుండా మొదటి రౌండ్‌లో మీద పడితే అదనంగా ఇంకో 2డీ6, అంటే సగటున మొత్తం 18. విజార్డ్‌కు ఉన్న 7 పోను మిగిలింది 11, అది వాడి పూర్తి హెచ్‌పీ కంటే ఎక్కువ, అలా అయితే నియమం ప్రకారం డెత్ సేవ్‌లు (పడిపోయినవాడు బతుకుతాడా లేదా అని వేసే పాచికలు) కూడా ఉండవు, నేరుగా చావే. మూడుంబావుకి వాడి పాత్ర పోయింది. మిగతా మూడున్నర గంటలకు పైగా వాడు పక్కన కూర్చుని, కింద పడిన పాచికలు ఏరి అందరికీ అందిస్తూ గడిపాడు. స్టేషన్‌కి బండి మీద దింపుతుంటే ఒక్క మాట అడిగాడు, "అన్నా, నేనేమైనా తప్పుగా ఆడానా?" అని. వాడు తప్పేం ఆడలేదు.

సరే, లెక్కల్లోకి వద్దాం. ఒక్కొక్కదాని గొప్ప విడివిడిగా చెప్పుకోవడం కంటే ఒకే ఫైట్‌ని అన్నింటిలో పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మూడో లెవెల్ వాళ్లు నలుగురు, ఎదురుగా రెండు ఓగర్లు. ఓగర్ అంటే గద పట్టిన పెద్ద రాక్షసుడు, 2014 నాటి అంకెల్లో (ఇక్కడ మాన్‌స్టర్ల అంకెలన్నీ అవే) సీఆర్ 2, 450 ఎక్స్‌పీ, సగటు హెచ్‌పీ 59, గద దెబ్బ సగటున 13.

2014 గైడ్ పద్ధతిలో ఒక్కొక్కరి లెవెల్‌ను బట్టి ఈజీ, మీడియం, హార్డ్, డెడ్లీ అని నాలుగు గీతలుంటాయి. మూడో లెవెల్‌కు అవి 75, 150, 225, 400. నలుగురికి కలిపి 300, 600, 900, 1600. మాన్‌స్టర్ల ఎక్స్‌పీ కూడిన తర్వాత ఎన్ని ఉన్నాయో చూసి గుణించాలి: రెండుంటే ఒకటిన్నర రెట్లు, మూడు నుంచి ఆరు అయితే రెండు రెట్లు, ఏడు నుంచి పది అయితే రెండున్నర రెట్లు, అలా పెరుగుతుంది. రెండు ఓగర్లు 900, ఒకటిన్నరతో 1350. అంటే హార్డ్, డెడ్లీకి ఇంకా దూరం ఉంది. 2024లో వచ్చిన కొత్త గైడ్ ఈ గుణకారాన్ని పూర్తిగా తీసేసి లో, మోడరేట్, హై అని మూడే ఉంచింది. మూడో లెవెల్ నలుగురికి 600, 900, 1600. కాబట్టి అవే రెండు ఓగర్లు ఇక్కడ సరిగ్గా మోడరేట్. మూడోది, డీఎంల కోసం పుస్తకాలు రాసే మైక్ షే ప్రచారంలోకి తెచ్చిన పావు లెక్క. ఆటగాళ్ల లెవెళ్లన్నీ కూడి అందులో పావు తీసుకోండి, మాన్‌స్టర్ల సీఆర్‌ల మొత్తం దాన్ని దాటితే ఫైట్ ప్రాణం మీదికి రావచ్చు. అయిదో లెవెల్ నుంచి పావు బదులు సగం. మూడు నాలుగులు పన్నెండు, పావు అంటే 3, రెండు ఓగర్ల సీఆర్ 4, గీత దాటింది. ఒకే గది, అవే రెండు గదలు, ఒకరు హార్డ్ అన్నారు, ఒకరు మోడరేట్ అన్నారు, ఇంకొకరు ప్రాణం మీదికి రావచ్చు అన్నారు.

ఇప్పుడు ఓగర్లు తీసేసి, మరుగుజ్జు రాక్షసుల్లాంటి గాబ్లిన్లు ఎనిమిది పెట్టండి. ఒక్కోటి 50 ఎక్స్‌పీ, మొత్తం 400. 2014 లెక్కలో రెండున్నరతో గుణిస్తే 1000, అంటే హార్డ్. 2024 లెక్కలో 400 అంటే లో గీతకు కూడా చేరలేదు. పావు లెక్కలో మొత్తం సీఆర్ 2, ఏ ఇబ్బందీ లేదు. నా అనుభవంలో ఇక్కడ 2014 గైడే నిజానికి దగ్గరగా ఉంది. కారణం చిన్నది, అటువైపు ఎనిమిది టర్న్‌లు, ఇటువైపు నాలుగు. ఎనిమిదింటిలో మూడు బాణాలు తగిలినా పదిహేను హెచ్‌పీ పోతుంది. ఎవరైనా పడిపోతే అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది, పడిపోయిన మనిషిని అయిదడుగుల లోపు నుంచి కొట్టిన దెబ్బ తగిలితే అది క్రిటికల్ (మామూలుకంటే గట్టి దెబ్బ), రెండు డెత్ సేవ్‌లు పోయినట్టు లెక్క, మూడు పోతే చావే, అంటే రెండు గాబ్లిన్లు వెంటవెంటనే కొడితే పాత్ర చనిపోతుంది. అయితే మీ విజార్డ్ దగ్గర స్లీప్ ఉంటే కథ తలకిందులవుతుంది. 2014 నియమాల్లో ఆ మంత్రం 5డీ8, సగటున 22 హెచ్‌పీ విలువ చేసేవాళ్లను నిద్రపుచ్చుతుంది, గాబ్లిన్‌కు ఏడే కాబట్టి ఒక్క టర్న్‌లో మూడు పడుకుంటాయి. ఓగర్ మీద అదే మంత్రం మొదటి రౌండ్‌లో ఎందుకూ పనికిరాదు. మీ ఆటగాళ్ల దగ్గర ఏ మంత్రాలున్నాయో ఈ లెక్కల్లో దేనికీ తెలియదు, మీకు తెలుసు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి, 2024 గైడ్ గుణకారం తీసేసినా, ఒక్కో ఆటగాడికి రెండు మాన్‌స్టర్లు మించితే త్వరగా చచ్చే బలహీనమైనవాటిని వాటిలో కలపమని సలహా ఇస్తుంది. లెక్క సులువు కావాలని గుణకారం వదిలి, దాని పని డీఎం తెలివికి అప్పజెప్పింది. అనుభవం ఉన్నవాళ్లకు అది సుఖమే. మొదటిసారి డీఎం చేసేవాళ్లకు మాత్రం నేను 2014 పద్ధతే చెబుతాను, ఆ గుణకారం చేయడానికి కాగితం మీద పెట్టే ఒక్క నిమిషం గుంపు ఎంత ప్రమాదమో వాళ్లకు అలవాటు చేస్తుంది.

ఇలాంటిదే మరో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, దాని సంగతి వేరు. 2019లో వచ్చింది, నియమాలన్నీ అధికారికంగానే ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, పెద్ద పుస్తకాలు కొనలేని విద్యార్థులకు అది చిన్న సంగతి కాదు. దీనిలో నలుగురికి లో 60, మోడరేట్ 80, సివియర్ 120, ఎక్స్‌ట్రీమ్ 160. మాన్‌స్టర్ విలువ దాని లెవెల్‌కూ ఆటగాళ్ల లెవెల్‌కూ ఉన్న తేడాను బట్టి ఉంటుంది: సమానమైతే 40, ఒకటి ఎక్కువైతే 60, రెండైతే 80, మూడైతే 120, నాలుగైతే 160. రెండు తక్కువైతే 20. మూడో లెవెల్ వాళ్లు నలుగురికి మూడో లెవెల్ మాన్‌స్టర్లు రెండు పెడితే 80, మోడరేట్. నేను చూసినంతలో ఇది చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది, సివియర్ అంటే నిజంగానే చెమటలు పడతాయి. కారణం, ఆ ఆటలో లెవెల్ ప్రతి దెబ్బకూ ప్రతి రక్షణకూ కలుస్తుంది, కావాల్సినదానికి పది ఎక్కువ పడితే క్రిటికల్, అందుకే మూడు లెవెళ్లు ఎక్కువున్న ఒంటరి మాన్‌స్టర్ మాటిమాటికీ క్రిటికల్ కొడుతుంది, మన దెబ్బలు మాత్రం గాల్లోకి పోతాయి. కొత్తవాళ్ల బల్ల మీద అలాంటి ఒంటరి మాన్‌స్టర్‌ను పెట్టకండి, గెలిచినా వాళ్లకు సంతోషం ఉండదు, గంటసేపు మిస్ అయిన పాచికలే గుర్తుంటాయి. ఇంకో జాగ్రత్త, ఆ ఆటలో లెవెల్ 3 మాన్‌స్టర్‌ను ఇక్కడి సీఆర్ 3తో కలపకండి. సీఆర్ 3 అంటే మూడో లెవెల్ వాళ్లు నలుగురు కలిసి ఎదుర్కోదగ్గది. పాత్‌ఫైండర్‌లో లెవెల్ 3 అంటే అదే నలుగురికి 40, అతి తేలిక. అటు నుంచి ఇటు వచ్చి, ఒక్కొక్కరికి ఒక్కోటి అనుకుని సీఆర్ 3 ఉన్న ఔల్‌బేర్లు నాలుగు వరసగా నిలబెట్టిన డీఎం నాకు తెలుసు, రెండు రౌండ్లలో బల్లంతా నిశ్శబ్దం.

ఇక పాత పద్ధతి, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1980ల నాటి బేసిక్ నియమాలది. అక్కడ ఫైట్ సమానంగా ఉండాలనే పట్టింపే లేదు, ఎదురైనవి ఎంత పెద్దవైనా కావచ్చు. దానికి బదులు మాన్‌స్టర్లకు మొరేల్ అని 2 నుంచి 12 లోపు ఒక అంకె ఉంటుంది. వాటిలో మొదటిది చచ్చినప్పుడు, మళ్లీ సగం పోయినప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేసి ఆ అంకె దాటితే అవి పారిపోతాయి. గాబ్లిన్‌కు 7, ఓగర్‌కు 10. అంటే గాబ్లిన్ల గుంపు ఒక పరీక్షలో నూటికి నలభై సార్లకు పైగా చెదిరిపోతుంది, ఓగర్ నూటికి ఎనిమిది సార్లే. మనవాళ్లు కూడా పారిపోవచ్చు, అదీ ఆటలో భాగమే. నాకు ఈ పద్ధతి మొత్తంగా కాదు గానీ ఈ మొరేల్ ముక్క ఎంతో ఇష్టం, ఐదో ఎడిషన్‌లో కూడా అలాగే వాడతాను. గాబ్లిన్ల ఫైట్ చివర్లో మిగిలిన రెండింటిని తరుముతూ ఇరవై నిమిషాలు పోయే బదులు అవి అరుచుకుంటూ చీకట్లోకి పరిగెడతాయి, వచ్చే వారానికి కథ కూడా దొరుకుతుంది.

పోలికలో జనం పట్టించుకోని విషయం ఒకటుంది, నాకైతే అదే అన్నిటికంటే ముఖ్యం: రోజుకు ఎన్ని ఫైట్లు. 2014 గైడ్ లెక్క అంతా లాంగ్ రెస్ట్‌కూ (మంత్రాలూ హెచ్‌పీ తిరిగొచ్చే రాత్రి నిద్ర) లాంగ్ రెస్ట్‌కూ మధ్య మీడియం, హార్డ్ ఫైట్లు ఆరు నుంచి ఎనిమిది ఉంటాయన్న ఊహ మీద నిలబడింది. మూడో లెవెల్ నలుగురికి రోజుకు 4800 ఎక్స్‌పీ దాకా అని పట్టిక కూడా ఇస్తుంది. మా నాలుగు గంటల ఆదివారంలో రెండే పడతాయి. ఆ రెండింటి తర్వాత పాత్రలు హాయిగా నిద్రపోతే, గాయాలు మాన్పే క్లెరిక్, విజార్డ్ ఇద్దరూ ఉన్న మంత్రాలన్నీ ఆ రెండు ఫైట్లలోనే గుమ్మరించేస్తారు, హార్డ్ అని పెట్టింది అయిదు నిమిషాల్లో చప్పబడుతుంది, ఫైటర్ ఆడేవాడు చేతులు కట్టుకుని చూస్తుంటాడు. దీనికి మాన్‌స్టర్లను పెంచడం ఒక దారి. నేను వేరే దారి పట్టాను, లాంగ్ రెస్ట్ ఊరు చేరితేనే అని మొదటి రోజే అందరికీ చెప్పేశాను. అడవిలో, గుహలో రాత్రి పడుకుంటే షార్ట్ రెస్ట్ (కాసేపటి విశ్రాంతి) ఫలితమే. అలా మూడు ఆదివారాలు కలిస్తే ఒక 'రోజు' అవుతుంది, ఆరు ఫైట్లు పూర్తవుతాయి, పుస్తకంలోని అంకెలు పనిచేయడం మొదలుపెడతాయి. మీ బల్లకు ఇది నచ్చకపోతే, రోజుకు ఒక్కటే ఫైట్ అనే ఆట మీదైతే, పావు లెక్క గీతను హద్దుగా కాక మొదలుపెట్టే చోటుగా పెట్టుకోండి. పాత్‌ఫైండర్‌కు ఈ తలనొప్పి తక్కువ, అక్కడ ఫైట్ తర్వాత తీరిగ్గా గాయాలు మాన్పుకుని దాదాపు నిండు హెచ్‌పీతో తర్వాతి ఫైట్‌కి వెళ్లడం మామూలే.

రెండోది, మనుషులు రాకపోవడం. శ్రావణం వచ్చిందంటే పెళ్లిళ్లు, ఒకరికి పరీక్ష, ఒకరికి నైట్ డ్యూటీ, రెండున్నరకి ఫోన్ వస్తుంది. నలుగురికి కట్టిన రెండు ఓగర్ల ఫైట్ ముగ్గురికి ఏమవుతుంది? 2014లో డెడ్లీ గీత 1200కి దిగుతుంది, మన 1350 దాన్ని దాటేస్తుంది. 2024లో మోడరేట్ 675 దాటి హైలోకి పోతుంది. పాత్‌ఫైండర్‌లో మోడరేట్ 60కి, సివియర్ 90కి తగ్గి మన 80 మధ్యలో పడుతుంది. పావు లెక్కలో తొమ్మిదిలో పావు 2.25, ఒక్క ఓగర్‌కే చోటు. మెట్లెక్కుతూ నోటితో లెక్కేసి మార్చుకోగలిగింది ఈ చివరిదే. వేగం కావాలంటే దానికి పోటీ లేదు.

మరి లెక్కలేవీ చూడనివి? షాడో అనే మాన్‌స్టర్‌ను తీసుకోండి. సీఆర్ 1/2. ఆరు పెడితే మొత్తం 3, పావు లెక్కలో మూడో లెవెల్ నలుగురికి గీత దాటలేదు. 2014లో 1200, హార్డ్. కానీ షాడో తగిలిన ప్రతిసారీ బలం 1డీ4 తగ్గుతుంది, సున్నా అయితే చావే, హెచ్‌పీ ఎంతున్నా సరే. విజార్డ్ బలం 8 అనుకోండి, మూడు నాలుగు దెబ్బలు. క్లెరిక్ హీలింగ్ మంత్రాలు దీని ముందు పనిచేయవు. గూల్ అనే మాన్‌స్టర్ గోరు తగిలితే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి టర్న్‌లు పోతాయి. ట్రోల్ హెచ్‌పీ నిప్పు గానీ యాసిడ్ గానీ లేకపోతే ప్రతి టర్న్‌కూ 10 తిరిగి వస్తుంది. ఇలాంటివి పెట్టే ముందు అంకె కాదు, పుస్తకంలో ఆ మాన్‌స్టర్ పేరు కింద రాసిన వాక్యాలు చదవాలి.

అందుకే ఏ పద్ధతి వాడినా నేను చేత్తో చేసే లెక్కలు మూడున్నాయి. ముందు, మాన్‌స్టర్ ఒక్క దెబ్బలో కొట్టగల సగటు, అందరిలో తక్కువ హెచ్‌పీ ఉన్నవాడి హెచ్‌పీకి రెట్టింపు అవుతుందా? అయితే ఆ మాన్‌స్టర్ ఆ రోజు రాదు. బగ్‌బేర్ 18, విజార్డ్ రెట్టింపు 14. ఈ ఒక్క లెక్క ఆ రోజు చేసుంటే మా తమ్ముడు ఆ మధ్యాహ్నమంతా ఆడేవాడు. తర్వాత, అన్నీ ఒకరి మీదే పడి అన్ని దెబ్బలూ తగిలితే ఎంత? రెండు ఓగర్లు 26. మూడో లెవెల్ విజార్డ్‌కు 17 ఉంటే పడిపోతాడు, 28 ఉన్న ఫైటర్ రెండుతో నిలబడతాడు. పడిపోవడం పరవాలేదు, లేపడానికి క్లెరిక్ ఉంటే అదే మంచి టెన్షన్, క్లెరిక్ ఊళ్లో లేని వారం మాత్రం కాదు. ఇక మూడోది, ఫైట్ ఎంతసేపు? ఓగర్ల మొత్తం హెచ్‌పీ 118, మా నలుగురూ కలిసి రౌండ్‌కు పాతిక దాకా కొడతారు, అంటే దాదాపు అయిదు రౌండ్లు, రౌండ్‌కు పది పన్నెండు నిమిషాలు, గంట. ఔల్‌బేర్ ఒక్కటే అయితే 59, మూడు రౌండ్లలోపే. రైలు టైముకు ఏది సరిపోతుందో ఇక్కడ తెలిసిపోతుంది, పుస్తకంలో ఏ పట్టికా ఈ మాట చెప్పదు.

ఆట మధ్యలో తేడా వస్తే సర్దడానికి కూడా దారులున్నాయి. ఓగర్ హెచ్‌పీ 59 అన్నది సగటు మాత్రమే, అసలు పాచికలు 7డీ10+21, అంటే 28 నుంచి 91 దాకా ఎంతైనా న్యాయమే. ముసలి ఓగర్ 40, నాయకుడు 75 అని ముందే రాసుకుంటాను, మొదటి దెబ్బ పడ్డాక మాత్రం మార్చను, ఎందుకంటే ఆటగాళ్లు కష్టపడి సంపాదించిన గెలుపును చాటుగా నేను వెనక్కి లాక్కున్నట్టు అవుతుంది. దానికంటే రెండో ఓగర్‌ను మొదటి నుంచీ నిలబెట్టకుండా రెండు రౌండ్ల తర్వాత రప్పించడం మంచిది. మా బల్ల మీద ఓగర్ అంటే కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ, గాబ్లిన్లంటే చింతపిక్కలు. రెండో ఏనుగు నా ఒళ్లోనే ఉంటుంది. ఫైట్ తేలిపోతుంటే దాన్ని గుహ వాకిట్లో పెడతాను, విజార్డ్ అప్పటికే పడిపోతే అది ఒళ్లోనే ఉండిపోతుంది, దాని సంగతి ఎవరికీ తెలియదు.

మొత్తానికి నేనైతే ఇలా చెబుతాను. ఒకటి, రెండు లెవెళ్లలో, కొత్త డీఎం, కొత్త ఆటగాళ్లు అయితే 2014 లెక్క, దానితో పాటు ఆ రెట్టింపు లెక్క తప్పనిసరి. మూడో లెవెల్ దాటి, వారం వారం మనుషులు మారే బల్లకు పావు లెక్క. గుంపులు పెట్టే అలవాటు లేక, ఒకటి రెండు పెద్ద మాన్‌స్టర్లతో ఆడేవాళ్లకు, పుస్తకాలు కొత్తవి ఉన్నవాళ్లకు 2024 హాయిగా ఉంటుంది. ఎత్తులు పైఎత్తులు అంటే ప్రాణం పెట్టే నలుగురు స్థిరంగా దొరికితే, ఆట మార్చి పాత్‌ఫైండర్‌కే వెళ్లండి, దాని లెక్కను ఇక్కడికి తెచ్చుకోవడానికి మాత్రం చూడకండి, ఆ అంకెలు ఈ ఆటలో అతకవు. అయిదో లెవెల్ వచ్చిన రోజు అన్నీ కొత్తగా చూసుకోవాలి, ఫైటర్‌కు రెండో దెబ్బ వస్తుంది, విజార్డ్‌కు ఫైర్‌బాల్ వస్తుంది, 8డీ6 అంటే సగటున 28, నిన్నటిదాకా భయపెట్టిన ఎనిమిది గాబ్లిన్లు దగ్గరదగ్గరగా నిలబడి ఉంటే ఒక్క టర్న్‌లో అయిపోతాయి.

ఈ ఆదివారం క్లెరిక్ ఆడే ఆవిడ తెనాలిలో పెళ్లికి వెళ్తోంది, ముగ్గురే వస్తున్నారు. తొమ్మిదిలో పావు 2.25. ఒక ఓగర్, వెనక బండ మీద విల్లుతో ఒక గాబ్లిన్, సరిగ్గా గీత మీద. లేపడానికి ఎవరూ లేరు కాబట్టి ఓగర్‌కు 50 హెచ్‌పీ రాసి పెట్టాను, గాబ్లిన్ మొరేల్ 7. రెండో ఏనుగు బొమ్మ ఈసారి అలమరలోనే ఉంది.